నాలుగు వందల ఒకటో కవరు

మా వదిన ఇంట్లో ఏ సొరుగు లాగినా కాగితం కవర్లే. పిల్లల పాలపళ్లు ఒక కవరు, ఊడిన గుండీలు ఒక కవరు, మా అన్నయ్య పాత కళ్లజోడు అద్దాలు ఒక కవరు. ప్రతిదాని మీదా పెన్సిలుతో తేదీ, చోటు, నంబరు. ఒక గుండీ కవరు మీద 'నీలం చొక్కా, ఎడమ చెయ్యి, బస్సులో ఊడింది' అని ఉండటం నా కళ్లతో చూశాను. ఆ ఇంట్లో కవరెక్కనివాడు మా అన్నయ్య ఒక్కడే. అదీ ఆయన సైజుకు కవరు దొరక్క.

ఇదంతా ఆఫీసు జబ్బు. వదిన విత్తనాల గిడ్డంగిలో పనిచేసేది. గిడ్డంగి అనగానే బస్తాలు, ఎలుకలు అనుకునేరు. అదొక రెండంతస్తుల భవనం. కింద ఆరబెట్టే గది, పైన చలిగది. చలిగదిలో ఇనప అరల నిండా చిన్న చిన్న పొట్లాలు. వాటిలో కొన్ని మనం పండించే పంటలు, కొన్ని ఆ పంటలకు అడవిలో మిగిలిపోయిన చుట్టాలు. వదిన పని ఆ చుట్టాలతో. పదో తరగతి చదువుతో, పంతొమ్మిదో ఏట, కవర్లు అంటించే పనికి చేరిన మనిషి. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి, ఏ కొండ మీద ఏ గడ్డి ఎప్పుడు కంకి వేస్తుందో తెలుసుకోవడానికి పెద్ద పెద్ద చదువులవాళ్లు వచ్చి ఆవిడ బల్ల ముందు నిలబడేవాళ్లు. నేను అదే గిడ్డంగిలో జీపు డ్రైవర్ని. నాకు ఆ ఉద్యోగం వేయించింది ఆవిడే. ఆ మాట ఆవిడ ఎన్నడూ ఎత్తలేదు. మా ఆవిడ మాత్రం వారానికోసారి ఎత్తుతుంది.

దాచుకోవడం ఎందుకు, పాతికేళ్లపాటు నేను ఆ పనిని గడ్డి పీకుడు అనే అనుకున్నాను. జీపు నడపడం పని, గడ్డి ఏరడం కాలక్షేపం అని నా లెక్క.

ఊరికి గంటన్నర దూరంలో ఒక రాతికొండ ఉండేది. దాని మీద అడవి బార్లీ. పొలంలో వేసే బార్లీకి పాత చుట్టం. మోకాలెత్తు గడ్డి, కంకికి పొడుగాటి గరుకు మీసాలు. పొలం బార్లీ పండాక కోసేదాకా గింజ కంకి మీదే ఉంటుంది. ఈ అడవిదానికి అంత ఓపిక లేదు. పండిందంటే చాలు, కంకి చివర నుంచి గింజ తర్వాత గింజ విడిపోయి రాలిపోతుంది. రాలేటప్పుడు ఏది తగిలితే దాన్ని ఆ మీసాలతో పట్టుకుంటుంది. గొర్రె ఉన్ని కావచ్చు, మనిషి ప్యాంటు అంచు కావచ్చు.

"ఒకే గడ్డి కదా వదినా, కొండ మొదట్లో ఓ గుప్పెడు కోసుకుని పోదాం. పైదాకా ఎక్కడం దేనికి?" అని ఒకసారి అడిగాను.

"చూడ్డానికి ఒకటే. మీ అన్నయ్యా నువ్వూ కూడా చూడ్డానికి ఒకేలా ఉంటారు. పొద్దున్నే లేవమంటే తెలుస్తుంది ఎవరు ఎవరో" అంది.

తర్వాత చెప్పింది. కొండనెత్తి మీద అంతా రాయి, బెత్తెడు మట్టి. పడిన వాన నాలుగు రోజులు కూడా నిలవదు. అక్కడి గడ్డి తొందర తొందరగా కంకి వేసి, గింజ రాల్చి, పని ముగించేస్తుంది. కొండ అడుగున లోతైన నల్లమట్టి. అక్కడి గడ్డి తాపీగా పెరిగి, మూడు వారాలు ఆలస్యంగా పండుతుంది. ఎన్ని వేల ఏళ్ల నుంచో ఒకటి పైన బతకడం నేర్చుకుంది, రెండోది కింద. కిందిదాన్ని తెచ్చి పైన చల్లితే కంకి వెయ్యకముందే ఎండి చస్తుంది.

"రేపు వానలు తగ్గితే, పొలం బార్లీకి తొందరగా పండే గుణం కావాలంటే, ఎవరిని అడగాలి? ఆ పైవాళ్లనే. అందుకే ఒక మొక్కకి ఒక కంకి, ఒక కంకికి ఒక కవరు. ఎవరు ఎక్కడివాళ్లో తెలియకపోతే ఇది ఉత్త దాణా" అంది వదిన.

సరేలే, నీ దాణా నువ్వు ఏరుకో అనుకున్నాను.

ఆ ఏడు ఎండలు మొదలైన కొత్తలో కొండకు వెళ్లాం. నెత్తిన పండింది, అడుగున ఇంకా పచ్చగా ఉంది. వదిన నూట ఎనభై కవర్లు పట్టుకుని పైకెక్కింది. నేను జీపు నీడలో కాళ్లు చాపుకున్నానో లేదో, పైనుంచి కేక. కళ్లజోడు సీటు మీద మరిచిపోయిందట. తిట్టుకుంటూ ఎక్కాను. ఇచ్చి దిగివచ్చేసరికి నా మేజోళ్ల నిండా ఆ ముళ్ల మీసాలే. సాయంత్రం ఇంటికి వెళ్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది.

"అవి లోపలికి తెచ్చావంటే నిన్ను కూడా వాటితోపాటు బయటే ఉంచుతా. కిందటేడు ఆ ముళ్లు దుప్పట్లకి పట్టుకుంటే నెల్లాళ్లు ఏరాను."

ఆ నెలలోనే కొన్న జత. ఉసూరుమంటూ విప్పి జీపు వెనకున్న పనిముట్ల డబ్బాలో పడేశాను. మర్నాడు ఇంకో జత కొనుక్కున్నాను. ఆ సంగతి అంతటితో మరిచిపోయాను.

మూడు వారాలకు మళ్లీ వెళ్లాం. ఈసారి అడుగున పండింది, రెండువందల ఇరవై కవర్లు. వచ్చేటప్పుడు దారిలో అకాల వాన పట్టుకుంది. జీపు టాపు కారి అట్టపెట్టె తడిసిపోయింది. ఆఫీసు చేరామో లేదో కూతురికి నొప్పులొస్తున్నాయని వదినకు ఫోను. చెప్పిన తేదీకి పది రోజుల ముందే.

"కవర్లు ఆరబెట్టు. ఫ్యాను కింద, విడివిడిగా. నాలుగు రోజుల్లో వచ్చేస్తా" అని చేతిసంచి పట్టుకుని పరుగెత్తింది.

ఇక చూడండి నా తెలివి. కవర్లు తడిసి మెత్తబడిపోయాయి. ఇలాగే ఉంచితే గింజకు బూజు పడుతుంది, గింజ ముఖ్యమా కాగితం ముఖ్యమా అనుకున్నాను. ఒక్కొక్క కవరూ విప్పి గింజలు దుప్పటి మీద పోశాను. మొదటిసారి తెచ్చిన నూట ఎనభై పక్కనే పెట్టెలో ఉన్నాయి. వాటికి కూడా చెమ్మ తగిలిందేమో, పనిలో పనిగా ఇవి కూడా ఆరిపోతాయని అవీ దాని మీదే పోశాను. మూడు రోజులు ఫ్యాను కింద పెట్టి, పూటకోసారి చేత్తో కలియబెట్టాను. ఆరాక శుభ్రమైన గుడ్డసంచిలో పోసి మూతి కట్టాను. ఖాళీ కవర్లు మడతలు పోయేలా సాపు చేసి, ఒకటి నుంచి నాలుగువందల దాకా నంబర్ల వరసలో కట్ట కట్టాను. అంత శ్రద్ధగా నేను పెళ్లి ఫోటోలు కూడా సర్దలేదు.

వదిన బస్సు దిగి తిన్నగా ఆఫీసుకే వచ్చింది. మొహం వెలిగిపోతోంది. మనవరాలు పుట్టింది, అచ్చం అమ్మమ్మ ముక్కేనట. కవర్ల కట్ట చూసి, "అబ్బో, ఎంత బాగా సర్దావురా!" అని నవ్వింది. పై కవరు చేతిలోకి తీసుకుంది. రెండోది తీసింది. మూడోది తీసేసరికి నవ్వు పోయింది.

"గింజలేవి?"

"అదిగో, సంచిలో. ఒక్కటి కూడా పోలేదు వదినా. నేలంతా ఊడ్చి మరీ ఎత్తాను."

వదిన సంచి మూతి విప్పి చెయ్యి పెట్టింది. గుప్పెడు తీసి, మళ్లీ లోపలికే వదిలింది. సంచి మూతి మళ్లీ కట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"చాలా కష్టపడ్డారండీ మీరు."

ముప్పై ఏళ్లలో వదిన నన్ను మీరు అనడం అదే మొదలు. అప్పుడు అర్థమైంది నాకు ఏం చేశానో. నా మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

పదకొండు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. పన్నెండో రోజు జీపెక్కి "కొండకి" అంది, అంతే. రాలిన గింజ రాళ్ల సందుల్లో ఉంటుంది, మట్టితో సహా ఎత్తుకొద్దామని ఆవిడ ఆశ. వెళ్లి చూస్తే కొండనెత్తి మీద పెద్ద యంత్రం. రాతి కోసం ఎవరో అనుమతి తెచ్చుకున్నారు. పైనున్న ఆ బెత్తెడు మట్టినీ గీకి, అవతలి లోయలోకి తోసేసి, దాని మీద రాళ్లు దొర్లిస్తున్నారు. వదిన జీపు దిగలేదు. అద్దంలోంచే చూసి, "పద" అంది. కొండనెత్తి గడ్డి ఇక ఈ లోకంలో ఉన్నదల్లా నేను కలిపేసిన ఆ గుడ్డసంచిలోనే, అదీ ఏ గింజో తెలియకుండా.

మర్నాడు పెద్దాఫీసరు మా ఇద్దర్నీ పిలిచాడు. చెడ్డవాడు కాదు. మెత్తగానే చెప్పాడు.

"నాకూ బాధగానే ఉందమ్మా. కానీ చోటు తెలియని కలగాపులగం ఏడాదికి మించి అరల్లో ఉంచకూడదు. ఆ రూలు మీరు పట్టుబట్టి రాయించిందే."

"ఏడాది ఉంచొచ్చు కదా సార్. ఆ ఏడాది నాకివ్వండి" అంది వదిన.

"మీరు రిటైరయ్యేది పదకొండు నెలల్లో."

"ఈ గింజ ఎండలన్నాళ్లూ నిద్రపోతుంది. వానలు వెనకబట్టి చలి మొదలయ్యాక వేస్తే, మళ్లీ ఎండలు వచ్చేసరికి పండుతుంది. పది నెలలు చాలు. వెనక పెరడూ, నీళ్ల కుళాయీ, ఈయన్నీ ఇవ్వండి."

ఈయన్ని అంటే నన్ను. ఆఫీసరు నా వంక జాలిగా చూసి సంతకం పెట్టాడు.

ఇంటికి వెళ్తూ జీపులో మొదటిసారి నోరు విప్పింది. "నా ఇరవయ్యో ఏట నేనేం చేశానో తెలుసా? పాత గింజల్ని పెరట్లో వేసి కొత్త గింజ తీసేవాళ్లం. కూలీలు వచ్చేది ఒక్కరోజు. ఆ ఒక్కరోజే కోసేశాం. ముందు పండినవి అప్పటికే నేల మీద రాలిపోయాయి, ఎవరూ ఎత్తలేదు. వెనక పండేవి పచ్చివని పారేశాం. అలా మూడుసార్లు చేశాక చూస్తే అన్నీ ఒకేసారి కంకి వేస్తున్నాయి. ఎంత బాగా వచ్చాయో అని చప్పట్లు కొట్టాం. తొందరపడేవీ పోయాయి, నిదానంగా వచ్చేవీ పోయాయి. మా డ్యూటీ టైముకి పండినవి మిగిలాయి."

నేను గేరు మార్చి జీపు నెమ్మది చేశాను.

"అప్పుడు నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. అందుకే నిన్ను అంటున్నా. ఇది నీ తప్పు. కవరు విప్పొద్దని నోటితో చెప్పకపోవడం నా తప్పు. ఏడిస్తే ఇంటికెళ్లి ఏడువు. వానలయ్యాక నాలుగొందల సంచుల్లో మట్టి నింపాలి."

మళ్లీ నువ్వు అంది కదా, ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ ఉపాయం ఇది. ఈ గడ్డి పక్క మొక్క పుప్పొడి కోసం చూడదు, చాలావరకు తనలో తానే గింజ కడుతుంది. కాబట్టి తల్లి గుణమే పిల్లకు వస్తుంది. సంచిలోంచి నాలుగువందల గింజలు తీసి ఒక్కోదాన్ని ఒక్కో మొక్కగా పెంచి, ఏది ఏ రోజు కంకి వేస్తుందో రాసుకోవాలి. ముందు వేసినవి పైవి, వెనక వేసినవి కిందివి.

"కానీ గీత ఎక్కడ గియ్యను? పెరట్లో నీళ్లు పోస్తే రెండూ దగ్గర దగ్గరగా వస్తాయి. కొండనెత్తిదని ఒట్టేసి చెప్పగల గింజ నాకు ఒక్కటైనా కావాలి. దాని పక్కన పెట్టి మిగతావి చూడాలి" అని రోజూ గొణుక్కునేది. అలాంటి గింజ ఎక్కడుంది? నేను ఉంచితే కదా!

మట్టి నింపడం మొదలైన రోజు. పార పిడి వదులైతే సుత్తి కోసం పనిముట్ల డబ్బాలో చెయ్యి పెట్టాను. "అబ్బా!" అని అరిచాను. వేలికి ముల్లు. చూస్తే ఆ దిక్కుమాలిన మేజోళ్లు. చెత్తబుట్టలోకి విసరబోయాను.

"ఆగు!" అని కేకేసింది వదిన. ఆ కేకకు పక్క ఆఫీసు వాచ్‌మన్ కూడా ఆగిపోయాడు.

"ఇవి ఏ రోజువి?"

"నీ కళ్లజోడు తెచ్చిన రోజువి."

"తర్వాత రెండోసారి వెళ్లినప్పుడు వేసుకున్నావా?"

"లేదు."

"కిందటేడు?"

"అప్పటికి కొనలేదు వదినా. ఎందుకు ఇలా పోలీసులా..."

"ఆ రోజు అడుగున అంతా పచ్చి. పచ్చి కంకి గింజ వదలదు. నువ్వు నడిచింది కొండంతా, నీకు పట్టుకున్నవి మాత్రం నెత్తిమీదివే." అంటూనే నన్ను జీపెక్కించింది. ఎక్కడికని అడిగితే మా ఇంటికంది. "నిన్ను నమ్మడం ఒకసారి అయిపోయింది. మీ ఆవిణ్ని అడగాలి."

మా ఆవిడ సాక్ష్యం చెప్పడంలో ఏ మాత్రం తగ్గలేదు. ఏ రోజు గుమ్మంలో ఆపిందీ, మర్నాడు కొత్త జత ఏ రంగుది కొన్నదీ, రెండోసారి కొండకు ఏవి వేసుకెళ్లిందీ అన్నీ చెప్పింది. పనిలో పనిగా నా అలవాట్ల మీద అడగనివి కూడా కొన్ని చెప్పింది.

వదిన ఆ మేజోళ్లను తెల్ల కాగితం మీద పెట్టి, సన్నటి పట్టకారుతో పొద్దున నుంచి భోజనాల వేళదాకా ఏరింది. విరిగినవి పోగా నిండు గింజలు పదకొండు వచ్చాయి. చలి మొదలయ్యాక అన్నీ వేశాం. పదకొండులో ఎనిమిది మొలిచాయి. వాటి సంచులకు ఎర్రదారం కట్టి, నాలుగువందల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పెట్టించింది, గోడ నీడ ఏ ఒక్కదానికీ ఎక్కువ తగలకుండా. గుడ్డసంచిలోంచి తీసిన నాలుగువందల్లో మొలిచినవి మూడువందల యాభై రెండు.

అప్పటినుంచి నా బతుకు ఆ పెరడే. నీళ్లు పొయ్యడం, కలుపు తియ్యడం, పిచ్చుకల్ని తోలడం. ఆదివారం లేదు, సెలవు లేదు. వదినకు మోకాళ్ల నొప్పి, అయినా రోజూ పొద్దున్నే వంగి ప్రతి మొక్క పొట్టా చూసేది. డెబ్బై ఎనిమిదో రోజున ఒక మొక్క పొట్ట విచ్చుకుని కంకి బయటపడింది. మర్నాటికి ఆరు. ఎనభయ్యో రోజుకు పంతొమ్మిది. ఎర్రదారాల్లో ఒక్కటి కూడా లేదు.

ఎర్రదారాలన్నీ మళ్లీ ఒకసారి చూసొచ్చాను. "వదినా, నా మేజోళ్లు కూడా మోసం చేశాయంటావా?"

"రేపు చూద్దాం" అంది.

ఎనభై ఒకటో రోజు పొద్దున నేను గేటు తెరిచేసరికి ఆవిడ అప్పటికే పెరట్లో ఉంది. మూడు ఎర్రదారాలు కంకి వేశాయి. ఇద్దరం పిల్లల్లా అరిచాం. ఎనభై తొమ్మిదో రోజుకు ఎనిమిదీ వచ్చేశాయి. అవి కాక, గుడ్డసంచి మొక్కల్లో అప్పటికి కంకి వేసినవి నూట నలభై మూడు. ఆ తర్వాత పది పన్నెండు రోజులు రోజుకు మూడో నాలుగో. నూట ఒకటో రోజు నుంచి మళ్లీ గుంపుగా, నూట డెబ్బై రెండు. మధ్యలో వచ్చినవి ముప్పై ఏడు.

పెద్దాఫీసరు వచ్చి చూశాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "బ్రహ్మాండంగా ఉందమ్మా. ఆ ముప్పై ఏడూ అటో ఇటో రాసెయ్యండి. మూడువందల యాభై రెండూ తేలిపోతాయి."

"అవి ఎవరో నాకు తెలియదు సార్."

"ఎవరు అడుగుతారమ్మా?"

"నేను అడుగుతా" అంది వదిన. ఆ ముప్పై ఏడింటి ముందూ 'చోటు తెలియదు' అని రాసి, రూలు ప్రకారం చలిగది అరల్లోకి పంపకుండా తీసేసింది. చేతులారా పెంచినవి. నాకే మనసొప్పలేదు, "ఉంచుదాం వదినా" అన్నాను. "వద్దు. ఒక్కటి తప్పు రాస్తే మిగతా అన్నిటినీ అనుమానించాలి" అని కాగితం తిప్పేసింది.

పండటం మొదలైంది. ప్రతి కంకికీ రాలకముందే కవరు తొడిగి దారం కట్టింది నేను. ఒక మొక్కకు ఒక కవరు. ఎవరైనా సాయం చేస్తామని దగ్గరికొస్తే కసిరేవాణ్ని. "ముట్టుకోకండి, విప్పకండి, మీ మంచితనం మీ దగ్గరే పెట్టుకోండి" అని. ఆఫీసులో వదినను పెద్ద కవర్లు, నన్ను చిన్న కవర్లు అనడం అప్పుడే మొదలైంది. అననీ.

ఆఖరి కవరు మూసిన తర్వాత తొమ్మిదో రోజు వదిన రిటైరయింది. దండలు వేశారు, మాట్లాడారు. నేను వెనక వరసలో ఉన్నాను. సభ అయ్యాక ఆవిడ నన్ను రిజిస్టరు గదికి రమ్మంది. పెద్దాఫీసరు అక్కడ రిజిస్టరు ముందు కూర్చుని తల పట్టుకుని ఉన్నాడు.

"ఏమిటమ్మా ఇది? ఇది రిజిస్టరు. నవ్వుకోవడానికి రాసేది కాదు."

"జరిగిందే రాశాను సార్. కొట్టెయ్యాలంటే మీరు సంతకం పెట్టి కొట్టెయ్యండి."

ఆయన కలం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. వదిన రిజిస్టరు నా వైపు తిప్పింది. "చదువు."

పాత నాలుగువందల నంబర్ల తర్వాత కొత్త గీత గీసి, ఎర్రదారం మొక్కల గింజకు నంబరు వేసింది. నాలుగువందల ఒకటి. గింజ: అడవి బార్లీ. చోటు: రాతికొండ, నెత్తిన, ఇప్పుడు లేదు. తేదీ: కళ్లజోడు మరిచిపోయిన రోజు తేదీ. పద్ధతి: మేజోళ్లకు పట్టుకున్నవి. సేకరించినవారు అన్నచోట నా పేరు, ఇంటిపేరుతో సహా, ఆవిడ గుండ్రటి అక్షరాల్లో.

సగం చదివాక అక్షరాలు కనపడలేదు. ఏడ్చాను. దానికి సిగ్గేమీ లేదు. కొండనెత్తి గడ్డిని లేకుండా చెయ్యబోయినవాడి పేరు, అది ఉన్నన్నాళ్లూ దాని పక్కనే ఉండేలా రాసిందావిడ.

"తప్పు కూడా రాయాల్సింది కదా వదినా" అన్నాను.

"అది వెనక పేజీలో ఉంది. నీదీ, నాదీ. ఇద్దరివీ రాశాను" అంది. చేతిసంచిలోంచి ఒక కవరు తీసి నా జేబులో కుక్కింది. "ఇదిగో, ఇది ఇంటికి పట్టుకెళ్లు."

ఇంటి ముందు జీపు ఆపి విప్పి చూశాను. నా పాత మేజోళ్లు. ఉతికి, మడిచి, ఒక్క ముల్లు లేకుండా. కవరు మీద పెన్సిలుతో తేదీ, 'కొండనెత్తి', నంబరు. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి కవరు మీద రాసింది చదివింది. ఈసారి నన్ను ఆపలేదు.